ఆవును లేపిన చైన్ పుల్లీ

పశువుల ఆసుపత్రికి తాళం వేసి ఉండడమంత గొప్ప ప్రజాసేవ ఇంకోటి లేదని నేను ఘంటాపథంగా చెబుతాను! నవ్వకండి. డాక్టరు ఉన్నచోట రైతు ఏం చేస్తాడు? ఫోన్ చేసి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. డాక్టరు లేనిచోట? బుర్ర వాడతాడు. రైతులోని ఇంజనీరు బయటికి రావాలంటే ముందు డాక్టరు ఊళ్ళోంచి బయటికి పోవాలి.

మేక కాలు విరిగితే ప్లాస్టిక్ పైపు ముక్క, సైకిల్ ట్యూబు. గొర్రెపిల్ల వణికితే పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి తొడగడం. ఇవన్నీ ఏ యూనివర్సిటీ కనిపెట్టింది చెప్పండి?

మా వదిన సంగతే తీసుకోండి. ఆమెకు నాలుగు ఆవులు. వాటిలో అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చేది ఒక ఉదయం ఈనింది. మధ్యాహ్నానికి కూలబడింది. చెవులు చల్లబడ్డాయి, తల పొట్ట వైపు తిప్పేసుకుంది. ఈనిన ఆవుకు ఒంట్లో కాల్షియం పడిపోతే ఇలాగే అవుతుందని వదినకు తెలుసు. నరానికి ఒక సీసా ఎక్కిస్తే చాలావరకు లేచి నిలబడుతుందనీ తెలుసు. సీసాలు తాళం వేసిన ఆసుపత్రిలో ఉన్నాయి. మందుల షాపువాడేమో డాక్టరు చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. డాక్టరుగారు పట్నంలో ట్రైనింగులో ఉన్నారు. ఆ ట్రైనింగు పేరు ‘అత్యవసర వేళల్లో తక్షణ స్పందన’!

పాపం, ఫోన్ మాత్రం ఎత్తారు. లేనిపోని నిందలు వేయకూడదు.

“పక్కకి వాలిపోనివ్వకండమ్మా. దగ్గర ఏముంటే దాంతో లేపండి. మీకు నేను చెప్పాలా?” అన్నారు.

“లేపుతానండీ. మరి సీసా?”

“లంచ్ అయ్యాక మాట్లాడతాను.”

ఆ లంచ్ ఇంకా అవుతూనే ఉందనుకుంటాను.

వదిన గోనెసంచుల్లో గడ్డి కుక్కి ఆవుకు రెండు పక్కలా దన్ను పెట్టింది. బోరు మోటారును పైకి లాగే చైన్ పుల్లీని షెడ్డు దూలానికి తగిలించింది. ట్రాక్టరు పాత ట్యూబు కోసి పొట్ట కింద పట్టీ వేసింది. చర్మం ఒరుసుకుపోకుండా తన దుప్పటి మడిచి పెట్టింది. అన్నయ్య గొలుసు లాగుతుంటే ఆవు అంగుళం అంగుళంగా పైకి లేచింది. ఎంత అద్భుతం! నేనే సెల్‌ఫోన్‌లో వీడియో తీసి లోకానికి పంచాను.

కాళ్ళు నాలుగూ నేలకు ఆనాయి గానీ ఒక్కటీ బరువు మోయలేదు. “నిలబడవే తల్లీ, నీ బిడ్డ చూస్తోంది” అంటూ వదిన దాని మెడ పట్టుకునే ఉంది. పొద్దు వాలేలోపే ఆవు పోయింది. వదిన ఏడుస్తుంటే నాకు ఆ ఫోను నేలకేసి కొట్టాలనిపించింది.

వీడియో మాత్రం ఎక్కడెక్కడికో వెళ్ళింది. వారం తిరక్కుండా పశుసంవర్ధక శాఖవారు రెండు జీపుల్లో దిగారు! బ్యానరు, ఫోటోగ్రాఫరు, పెద్ద ఆఫీసరు, ఆయన వెనకాల కొలతల టేపు పట్టుకుని మన డాక్టరుగారు.

“ఆవును ఒకసారి అలాగే కట్టండమ్మా. రైతులకు పంచే మా శాఖ పుస్తకంలో బొమ్మ వేయాలి” అన్నారు ఆఫీసరుగారు.

“ఆ ఆవు పోయిందండీ.”

ఆయన చాలా బాధపడ్డారు. ఆ బాధ అర నిమిషం ఉంది.

“అయితే ఇంకోదాన్ని కట్టండి.”

వదిన గొలుసు తెచ్చి డాక్టరుగారి చేతుల్లో పడేసింది. “ఇంత నచ్చితే దీన్ని మీరే ఉంచుకోండి. ఆ సీసాలు నాలుగు మాకిచ్చి వెళ్ళండి” అంది.

సీసాలివ్వడానికి నిబంధనలు ఒప్పుకోవట. గొలుసు తీసుకెళ్ళడానికి ఏ నిబంధనా అడ్డు రాలేదు. ఇప్పుడు డాక్టరుగారు వారానికి ఆరు రోజులు ఊరూరా తిరుగుతున్నారు. డాక్టరు లేనప్పుడు ఆవును ఎలా లేపాలో ఆ గొలుసు పట్టుకుని రైతులకు నేర్పుతున్నారు.