ఎవరి గ్లాసు వారిదే

అతిథిని "ఏం తాగుతారు?" అని అడగడమంత అమర్యాద ఇంకొకటి లేదు. అలా అడిగామంటే, పాపం ఆ మనిషికి సొంతంగా దాహం వేసే తెలివి లేదని మనం అనుమానించినట్టే! ఈ అనాగరికపు అలవాటును మా ఇంట్లో నిర్మూలించిన ఘనత నాదే.

మొన్న ఎండాకాలం పార్టీకి మేడ మీద సెల్ఫ్ సర్వీస్ డ్రింక్స్ టేబుల్ పెట్టాను. కుళాయిలున్న గాజు జాడీలు, వాటినిండా నిమ్మరసం, పుచ్చకాయ రసం, ఐస్ టీ. పక్కన ఐస్ గిన్నె, పటకారు, బోర్లించిన గ్లాసులు. ఇక ఇంటాయన చెయ్యాల్సిందేముంది? కుర్చీలో కూర్చుని ఎండల గురించి మాట్లాడటమే.

అసలు ఆ పార్టీ మా బావ కోసం. అంటే మా అక్క భర్త. ఓ పెళ్ళి ఫోటోలో ఆయన్ని సగానికి కత్తిరించి నేను ఫ్రేము కట్టించుకున్నానని రెండేళ్ళుగా మా గడప తొక్కలేదు. మా ఇద్దరి మధ్యా అక్క నలిగిపోయింది. చివరికి ఆవిడే, "వాడు మర్యాదగా చూస్తాడు, పూచీ నాది" అని బతిమాలి తీసుకొచ్చింది. మర్యాదకేం లోటు? ఆయనకు సంపూర్ణ స్వేచ్ఛ ఇచ్చాను!

అతిథులు వచ్చారు. టేబుల్ చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ ముట్టుకోలేదు. మనవాళ్ళ సంస్కారం అలాంటిది. ఎవరైనా అడగాలి, వీళ్ళు వద్దనాలి, మళ్ళీ అడగాలి, అప్పుడు "సరే, సగం చాలు" అనాలి. జాడీ అడగదు కదా! రిటైరైన హెడ్మాస్టరు గారు ఖాళీ గ్లాసు పట్టుకుని ఐస్ టీకేసి చాలాసేపు ఆప్యాయంగా చూశారు. డెంటిస్టు గారు నోరెండిపోతున్నా పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూనే ఉన్నారు. వృత్తిధర్మం మరి.

చివరికి మా ఆఫీసు ఆడిటర్ తెగించి నిమ్మరసం కుళాయి తిప్పాడు. ధార వచ్చింది. కట్టేయబోతే పిడి ఊడి చేతికొచ్చింది. కంగారుగా బొటనవేలు అడ్డం పెట్టాడు. అంతే, మళ్ళీ ఆ వేలు తియ్యడానికి లేకపోయింది. అయినా కారిపోతూనే ఉంది. వృథా ఎందుకని పక్కవాళ్ళతో, "కొంచెం పుచ్చుకోండి" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసమే జనం కాచుకుని ఉన్నారు! "అబ్బే, వద్దండీ" అన్నారు. "నా మాట కాదనకండి, వేలు నొప్పెడుతోంది" అన్నాడు. క్యూ కట్టేశారు. హెడ్మాస్టరు గారైతే మళ్ళీ మళ్ళీ వచ్చారు. మా ఆవిడ స్నేహితులు ఆడిటరే నేననుకుని, "మర్యాదంటే మీదండీ" అని దణ్ణం పెట్టి మరీ మేడ దిగారు. పుచ్చకాయ రసం మాత్రం నింపింది నింపినట్టే ఉండిపోయింది. దాని కుళాయి బాగానే పనిచేస్తోంది.

బావ ఆ క్యూలో లేడు. మూలన కుర్చీలో కూర్చుని నావైపే చూస్తున్నాడు. నేను దూరం నుంచే చెయ్యి ఊపి, "అన్నీ అక్కడున్నాయి బావా, మొహమాటపడకండి" అన్నాను. ఆయన తలూపాడు. గొంతు తడుపుకోకుండానే వెళ్ళిపోయాడు. వెనకే అక్క, నా మొహం కూడా చూడకుండా.

సరే, నాలుగు మాటలు చెప్పి సర్దుకుందామని ఆదివారం మిట్టమధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. బావ ఎంతో బాగా పలకరించాడు. "రావోయ్. నీ పద్ధతి మాకూ నచ్చింది. ఫ్రిజ్ అదిగో, గ్లాసులు పై అరలో ఉన్నాయి. నీ ఇష్టం" అని మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అక్క వంటింట్లోనే ఉంది. ఇదివరకైతే నేను చెప్పులు విప్పేలోపే చల్లటి నీళ్ళతో ఎదురొచ్చేది.

నాలుక పిడచకట్టుకుపోతోంది. ఫ్రిజ్ ఎదురుగానే ఉంది. లేచి తీసుకోవచ్చు, ఎవరు కాదన్నారు? కానీ కాళ్ళు లేవలేదు. చాలాసేపు కూర్చుని, అక్క ఆపి ఏమైందని అడుగుతుందేమోనన్న ఆశతో, "ఇక వస్తాను" అన్నాను, వంటింట్లోకి వినబడేలా.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళరా" అంది లోపల్నుంచి.

పాఠకులారా, సెల్ఫ్ సర్వీస్ గొప్పదే, కాదనను. కాకపోతే ఇప్పుడు నేను అలిగాను. వారమైనా బతిమాలడానికి ఎవరూ రాలేదు. నా అలక కూడా నేనే తీర్చుకోవాలట.