పల్లకి బస్సు పందెం

దొరస్వామి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినడం, అలిపిరిలో కర్పూరం వెలిగించడం, పదింటికి డిపోకు వెళ్లి శాలువా కప్పించుకోవడం. ముప్ఫై ఏళ్లు ఒక్క ప్రమాదం కూడా లేకుండా బస్సు నడిపినందుకు ఆ రోజు ఆయనకు ఉత్తమ డ్రైవరు అవార్డు ఇస్తున్నారు. భార్య చంద్రకాంతమ్మ ఆ సంగతి చుట్టాలందరికీ ముందే చెప్పేసింది. వాళ్ల ఎదుట శాలువా కప్పుకోకుండా తిరిగొస్తే ఇక వీధిలో తలెత్తుకోలేనని ఆయనకూ తెలుసు.

ఆ పథకాన్ని పాడుచేసినవాడు అల్లుడు వంశీ. మనిషి మంచివాడే, కానీ కార్ల పందేలంటే పిచ్చి. ఏ దేశంలో ఎవరు ఎవరిని ఏ మలుపులో దాటారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. 'ఎప్పటికీ మరిచిపోలేని పది రేసులు' అని ఒక వీడియో తయారుచేస్తున్నాడు. ఇడ్లీల దగ్గర ఫోన్ చూపిస్తూ, "సూడండి మామా! వాన, సమ ఉజ్జీలు, ఆఖరి మలుపు. ఈ మూడూ ఉంటేనే గొప్ప రేసు" అన్నాడు.

దొరస్వామి పెదవి విరిచాడు.

"ఒక్కడే కూసోని తోలేదీ ఒక పందెమేనా అబ్బా? నాదప్పా పందెం! బస్సులో డెబ్బై మంది జనం, రెండు కోళ్లు, మల్లెపూల గంపలు, టికెట్లు కొట్టలేక తిట్టుకునే కండక్టరు. కార్వేటినగరం నుంచి పుత్తూరు దాకా నేనూ, ప్రైవేటు బస్సు సుందరరాజూ నువ్వా నేనా అని వచ్చినాము. వాన దంచతా ఉండాది. ఆఖరి మలుపులో కొట్టినా సూడు హారను, దాటేసినా!"

ఈ కథ ఆయన టీ అంగడిలో ఏళ్లుగా చెబుతున్నదే. చెప్పిన ప్రతిసారీ వాన కొంచెం పెరుగుతుంది. వంశీ మాత్రం మొదటిసారి విన్నాడు. మామగారిని సంతోషపెడదామని ఆయన మాటలు రికార్డు చేసుకుని, విదేశీ రేసులన్నిటినీ కిందికి నెట్టి, దానికి మొదటి స్థానమిచ్చాడు. ఇంజను రొద కలిపాడు. అది చాలదన్నట్టు 'డెబ్బై ప్రాణాలతో పందెం కట్టిన డ్రైవరు' అని పేరు పెట్టి వదిలాడు.

అలిపిరిలో కర్పూరం ఆరేలోపే ఆ వీడియో డిపో చేరింది. డ్రైవర్ల గ్రూపు నుంచి ప్రయాణికుల గ్రూపుకు, అక్కడి నుంచి పై ఆఫీసుకు పాకింది. చేతులు మారేకొద్దీ డెబ్బై మంది నూరయ్యారు, ఒక కోడి ప్రాణం కూడా పోయింది. వంశీ హడలిపోయి వెంటనే ఇంకో వీడియో పెట్టాడు. "మా మామ అట్లాంటోడు కాదు. ఒక్కసారే చేసినాడు" అన్నాడు అందులో. దాంతో పై ఆఫీసుకు మిగిలిన ఆ కాస్త అనుమానమూ తీరిపోయింది.

డిపోలో మేనేజరు రెబెకా శాలువాను చేతిలో పెట్టుకుని, కప్పలేక నిలబడి ఉంది.

"దొరస్వామి గారూ, పైనుంచి ఫోన్ మీద ఫోన్. ప్రమాదాలు చేయలేదని మేము అవార్డిస్తుంటే, మీరు రేసు చేశానంటే ఎలాగండీ? ఆ పందెం జరగలేదని మైకులో ఒక్క మాట చెప్పండి, కప్పేస్తాను."

దొరస్వామి హాలంతా కలయజూశాడు. ముందు వరసలో చుట్టాలు, వెనక వరసలో టీ అంగడి మిత్రులు. జరిగిందంటే శాలువా పోతుంది, జరగలేదంటే ఇన్నేళ్ల పరువు పోతుంది. మైకు పట్టుకుని చెమట తుడుచుకున్నాడు.

"పందెం... అంటే... పూర్తిగా జరగలేదని చెప్పలేము."

"ఏంది పూర్తిగా జరిగేది?" అంటూ పూల నాగులమ్మ లేచింది. రోజూ ఆయన బస్సులోనే తిరుపతికి మల్లెపూలు తెచ్చి అమ్ముకునే మనిషి. "మేడమ్, ఆ పొద్దు వానలో గంప పెట్టుకోని రోడ్డు మీద నిలబడినదాన్ని నేనే. సుందరరాజు సూసి కూడా ఆపకుండా పోయినాడు. ఈయప్ప ఆపినాడు. తనే దిగొచ్చి గంప ఎక్కించినాడు. మేము పుత్తూరు చేరేతలికి సుందరరాజు టిఫిను తిని, కునుకు తీసి, తిరుగు ట్రిప్పుకు పోయినాడు. ఈయప్ప బస్సును మేమంతా పల్లకి అంటాము. ఇంక ఆయన యాడ దాటేది!"

చంద్రకాంతమ్మ ఇక ఆగలేకపోయింది. "ఆయమ్మ చెప్పింది నిజమే మేడమ్! మా పెండ్లికి వ్యాను నేనే తోలతానని ఈయనే తోలినాడు. మేము చేరేతలికి ముహూర్తం దాటిపోయింది. అయ్యవారు పాపం ఇంకో ముహూర్తం ఎతికి పెట్టినాడు."

హాలు గొల్లుమంది. రెబెకా అక్కడే పై ఆఫీసుకు ఫోన్ చేసింది. "సాక్షులు దొరికారు సార్. ఆయన ఎవరినీ దాటలేదు. దాటలేరు కూడా."

శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి. సంతోషించాలో, సిగ్గుతో చావాలో తెలియక దొరస్వామి నమస్కారం పెట్టాడు. నాగులమ్మ వచ్చి ఆయన చేతిలో మూర మల్లెపూలు పెట్టింది. "ఆ పొద్దు నువ్వు ఆపకపోయుంటే నా పూలన్నీ రోడ్డు పాలు అప్పా" అంది. అయినా ఆయన మనసు కుదుటపడలేదు. టీ అంగడి మిత్రులు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

గేటు దగ్గర వంశీ పరుగున ఎదురొచ్చి ఫోన్ చూపించాడు. వీడియో కింద ఎవరో రాశారు: 'ఆ సుందరరాజును నేనే. ఆ పొద్దు దొరస్వామే గెలిచినాడు. అట్లాంటి పందెం మళ్లా సూళ్లేదు. ఇప్పుడు సూళ్లూరుపేటలో అంగడి పెట్టుకోనుండా. ఈడ నాతో పందెం కట్టేవాడే లేడు.'

దొరస్వామి కళ్లలో నీళ్లు తిరిగాయి. తనను ఓడించినవాడే తనకు గెలుపు రాసిచ్చాడు.

"గొప్ప పందేనికి వానా వద్దు, మలుపూ వద్దు అల్లుడూ. ఎదుటోడు ఇట్లాంటోడు ఉండాల. అంతే!"

అంతలో తన ఫోన్‌లో సుందరరాజు రాసిందే చూసుకుంటూ, కనుబొమలు ముడివేసుకుంటూ రెబెకా బయటికి వచ్చింది. "దొరస్వామి గారూ, ఒక్క నిమిషం!"

దొరస్వామి శాలువాను చంకలో కుక్కుకుని, చంద్రకాంతమ్మను వెనక ఎక్కించుకుని, స్కూటరును గేటు దాటించాడు. ఇల్లు చేరేలోపు మూడు ఆటోలనూ, ఒక ప్రైవేటు బస్సునూ దాటేశాడు.

దానికి సాక్ష్యం చెప్పగలిగింది చంద్రకాంతమ్మ ఒక్కతే. ఆవిడ దారంతా కళ్లు మూసుకునే ఉంది.