గవర్నరిచ్చిన మాఫీ

శుక్రవారం పొద్దున అంజన్న లెక్క చాలా తేలిగ్గా ఉంది. తొమ్మిదికి నాటకం, పదికి స్నానం, ఒంటిగంటకు డ్రైవర్ షాబాజ్ కారులో దమ్మామ్ విమానాశ్రయం, నాలుగింటికి విమానం. రేపు జగిత్యాలలో మనవరాలిని తొట్లెలో వేస్తారు. చెవిలో పేరు చెప్పేది తాతేనని భార్య ముత్యవ్వ పట్టుబట్టింది. ఈ విమానం తప్పితే మళ్లీ సోమవారమే! మూడేళ్లకు ఇంటికి పోయే మనిషి ఆ పూట నాటకం వేస్తాడా అంటే, పద్మనాభం గారు అడిగితే వెయ్యక చస్తాడా?

పద్మనాభం సౌదీలోని రాస్ తనూరా క్యాంపులో సేఫ్టీ ఇంజనీరు. కాకినాడ మనిషి. పాత అమెరికా పడమటి సీమల కథలంటే పడి చస్తాడు. గుర్రాన్ని దొంగిలించి జైల్లో పడ్డవాణ్ణి గవర్నరు క్షమించి వదిలేసే నాటకం రాశాడు. గవర్నరు వేషం తనదే. ఖైదీకి మంచి మీసాలుండాలి గనక అంజన్న దొరికాడు.

"క్షమాభిక్ష పెట్టండి ప్రభూ, అనాలయ్యా!"

"గది నాకు నోరు తిరుగదు సార్. మాఫీ అంట. అందరికి సమజైతది."

జైలుకు స్టోరు యార్డులోని ఇనుప ఊచల గది కుదిరింది. స్టోరు చూసే నాగేందర్, అంజన్న రూమ్మేటు, హుషారు పట్టలేక నిజం తాళమే వేసి, తాళంచెవి గేటు గార్డుకిచ్చాడు.

నాటకం అదిరిపోయింది! చారల చొక్కాలో అంజన్న ఊచలు పట్టుకుని "దొరా, మాఫీ!" అని ఏడుస్తుంటే రెండొందల మంది ఈలలు! గవర్నరు కాగితం చదివి "విడుదల చెయ్యండి!" అన్నాడు. నాగేందర్ గేటుకు పరిగెత్తాడు. అక్కడ డ్యూటీ మారింది. పాత గార్డు గుత్తితో సహా వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన ఈజిప్టు ఆయన చేతులు తిప్పి "మిఫ్తా మాఫీ" అన్నాడు. తాళంచెవి లేదు పొమ్మని! అరబ్బీలో మాఫీ అంటే లేదని గల్ఫులో దిగిన మొదటిరోజే ఎవడైనా నేర్చుకుంటాడు.

నాగేందర్ గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "మాఫీ! అన్నా, మాఫీ!"

అంతే! ఖైదీకి మాఫీ వచ్చేసిందని జనం లేచి గంతులేశారు. గవర్నరును భుజాలకెత్తుకున్నారు.

"అరేయ్, చాబి లేదంటున్నడు! నేను నిజంగనే ఇర్కిన! నాకు ఫ్లైటున్నది!"

"వామ్మో, ఏం యాక్టింగురా!" అని ఒకడు కళ్లు తుడుచుకున్నాడు. అందరూ బిర్యానీకి వెళ్లిపోయారు.

పదకొండింటికి గార్డు అటుగా వచ్చి "ముష్కిలా?" అన్నాడు, ఏమైనా ఇబ్బందా అని. గొంతు పోయిన అంజన్న కంగారులో అరబ్బీ మరిచి, రెండు చేతులూ జోడించి "తప్పయింది సాయిబూ, మాఫీ, మాఫీ!" అన్నాడు. ఇబ్బందేమీ లేదన్నమాట! గార్డు బొటనవేలు చూపించి సంతోషంగా వెళ్లిపోయాడు.

పన్నెండున్నరకు నాగేందర్ క్యాంపంతా గాలించి తాళం కొయ్యడానికి గ్రైండర్ తెచ్చాడు. వెనకే పద్మనాభం, గవర్నరు టోపీతోనే.

"స్టాప్! నిప్పురవ్వలొచ్చే పని. పర్మిట్ ఏది?"

"మీరే రాయాలె గద సార్!" అన్నాడు నాగేందర్.

"లోపల ఇన్‌స్పెక్షన్ చెయ్యకుండా ఎలా రాస్తానయ్యా?"

"తాళముంటే లోపలికెట్ల పోతరు సార్?"

"అదే ప్రాబ్లం. రూల్ ఈజ్ రూల్."

అంజన్నకు ఒళ్లు మండిపోయింది. "నువ్వే మాఫీ ఇస్తివి, నువ్వే పర్మిట్ ఇయ్యవు! ఏం గవర్నరువయ్యా! నా మనవరాలికి పేరెవ్వలు చెప్తరు?" మీసాలు తడిసిపోయాయి. ఈసారి అది నాటకం కాదు.

ఒంటిగంటకు నమాజు ముగించుకుని షాబాజ్ వచ్చాడు. చర్చ వినే ఓపిక లేక, కారులోంచి ఇనుపరాడ్ తెచ్చి తలుపు కింద దూర్చి ఒక్క ఊపు ఊపాడు. తలుపు మడతబందుల్లోంచి లేచి, తాళం పట్టున వేలాడింది. "నికల్ భాయ్!"

అంజన్న బయటికి దూకాడు. పద్మనాభం లోపలికి దూకాడు. ఇన్‌స్పెక్షన్ పెండింగులో ఉండకూడదట! మూలకు తిరిగి కూర్చుని ఫారం నింపసాగాడు. షాబాజ్ పద్ధతి గల మనిషి. ఊడదీసిన తలుపును, లోపలికి చూడకుండానే, మళ్లీ బందుల్లో కూర్చోబెట్టాడు. అంజన్న, నాగేందర్ ఉరికి కారెక్కారు. నూట నలభై స్పీడు మీద కారు దమ్మామ్ చేరింది.

విమానం ఎక్కబోతుండగా ఫోను మోగింది.

"అంజన్నా! పర్మిట్ మీద సంతకం పెట్టేశాను. నేను బయటికెలా రావాలి?"

"గ్రైండర్ పట్టెటోడు నాగేందర్ గద సార్. నన్ను సాగదోలెతందుకు ఏర్‌పోర్టుకొచ్చిండు. గంటలోపల మీ తానికొస్తడు. అందాక ఊచలు పట్టుకోని మంచిగ ఏడ్వుండ్రి!"

నాలుగింటికి ఖైదీ విమానంలో ఉన్నాడు, గవర్నరు జైల్లో.