పన్నెండో పేరు

"నా డబ్బా నాకియ్యి బద్రుద్దీన్! ఇయ్యకుంటే నీ దుకాణం ముంగటనే ధర్నా జేస్త!"

యునానీ మందుల కొట్టు ముందు నర్సింగం కండువా దులిపాడు. రిటైరైన రికార్డు గుమాస్తా. ఒకప్పుడు కళ్లు మూసుకుని ఏ ఫైలైనా తీసేవాడు. ఇప్పుడు కళ్లు తెరిచినా కళ్లజోడు దొరకడం లేదు. అందుకే పక్కింటి మదన్ మోహన్ గొలుసు స్కీంలో అంటగట్టిన చైనా మూలికల పొడి మీద ప్రాణం పెట్టుకున్నాడు. రోజుకో చెంచా తింటే మెదడుకు తుప్పు పట్టదట.

ఈ రోజు ఆ చెంచా తప్పకూడదు. సకల జనుల సమ్మె, రామాయంపేట రోడ్డు చౌరస్తాలో వంటావార్పు. అరవై తొమ్మిది ఉద్యమంలో ఒకే కేసులో జైలుకు పోయిన పన్నెండు మంది పేర్లు మైకులో అతడే చెప్పాలి. వాళ్ల కుటుంబాలన్నీ వస్తున్నాయి. ఒక్క పేరు జారితే ఆ ఇంటివాళ్లకు ముఖం ఎలా చూపించాలి?

"నీ చైనా బూడిద నాకెందుకయ్యా? నా దగ్గర మెదడుకు బలమిచ్చే ఖమీరా లేహ్యం లేదా?" బద్రుద్దీన్ మండిపడ్డాడు.

"గందుకే గాయబ్ జేసినవ్, నీ గిరాకి పోతదని! నిన్న పొద్దుమీకి మా ఇంటికి చాయ్ తాగనీకి వచ్చింది నువ్వొక్కనివే!"

"ముప్పై ఏండ్ల దోస్తును చోర్ అంటవా?"

వంటావార్పుకు పోతున్న గుంపు ఆగింది. మొదటివాడు "మందు పోయింది" అన్నాడు. రెండోవాడు "మందు దాచిండ్రు" అన్నాడు. మూడో నోటికి అది "పేర్లు జెప్పనియ్యకుంట కుట్ర" అయింది. అయిదు నిమిషాల్లో నినాదాలు, ఆ వెనకే పోలీసు జీపు.

బద్రుద్దీన్ షటరు దించాడు. "నడువ్, పబ్లిక్‌లనే తేల్చుకుందం!"

చౌరస్తాలో నర్సింగం కోపంతోనే మైకు అందుకున్నాడు. "ఒకటి, గాలయ్య, తండ్రి మల్లయ్య, ఎల్దుర్తి! రెండు, లాజరు, తండ్రి దేవదాసు, రామాయంపేట!" ఛార్జిషీటు వరసలో పేర్లు దబదబా పడ్డాయి. పదకొండో పేరు దాకా తడబాటు లేదు.

"మందు లేకుంటనే!" అన్నాడు బద్రుద్దీన్.

అప్పుడే నర్సింగం భార్య కౌసల్య ఇంటి నుంచి తెచ్చిన బియ్యం మూటను బేసిన్‌లో గుమ్మరించింది. బియ్యంతో పాటు చైనా డబ్బా ఠంగుమని పడింది.

"గీ మూటల డబ్బా పెట్టినోడెవడు?" అని అరిచింది.

'పొద్దుగాల మర్చిపోతనేమో, మూటతోనే చౌరస్తాకు పోతది' అనుకుంటూ నిన్న రాత్రి డబ్బాను బియ్యంలోకి దూర్చిన తన చెయ్యే నర్సింగానికి ఉంగరంతో సహా గుర్తొచ్చింది. మైకు ఆన్‌లోనే ఉంది. పేరు ఇంకొకటి మిగిలింది.

"పన్నెండు," అన్నాడు నీరసంగా. "నర్సింగం, తండ్రి ఎల్లయ్య, మెదక్. డబ్బా కేసుల గూడ వీడే."