ఒక్కదెబ్బ మాస్టారి కంటిచుక్క మహాసంగ్రామము

సకలలోకలోచనుడైన సూర్యుడు పగలంతా వెలుగు అమ్మి అలసి, తన అంగడికి షట్టరు దింపుకొని పడమటికి వెళ్లిపోతున్న వేళ. వీధిదీపాలు వెలగాలా వద్దా అని తటపటాయిస్తున్న వేళ. ముందుగది కొట్టుగానూ వెనకగది కాపురంగానూ విభక్తమైన ఒకానొక గృహమందు, కుట్టుమిషను పక్కనున్న చెక్కస్టూలుపై, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, బొటనవేలంతైనా లేని మందుసీసాను గదాదండంలా పైకెత్తి, ఒక మహావీరుడు ఆసీనుడై ఉన్నాడు. ఓ వాగ్దేవీ! కోటలు కూలిన కథలూ, సముద్రాలు దాటిన కథలూ పాడడానికి నీకు పెద్దలు చాలామంది ఉన్నారు. నాకీ పిరికిపంద చాలు. ఇతగాడు తన కంటిలో తానే ఒక్క చుక్క మందు వేసుకొన్న వైనం పాడతాను, కాస్త నవ్వాపుకొని విను.

ఎవరయ్యా ఈ వీరుడు? సూచీరంధ్రప్రవేశధురంధరుడు, కర్తరీచాలనచక్రవర్తి, సమస్తచొక్కాకాలరుసార్వభౌముడు, దర్జీకులశిఖామణి. ఎంత సన్నని సూదికైనా, ఎంత మసక వెలుగులోనైనా, దారాన్ని ఒక్క ప్రయత్నంలో ఎక్కించగలడు గనుక జనులితనిని ఒక్కదెబ్బ మాస్టారని పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఇతని మీసం పైకి లేచేది. బుర్ర మాత్రం ఉన్నచోటే ఉండేది.

ఇక శత్రువు. దానికి కోరలు లేవు, కొమ్ములు లేవు. కంటి లోపల ఊరే నీరు సరిగ్గా బయటికి పోక పెరిగే ఒత్తిడి అది; గ్లకోమా దాని బిరుదనామం. భేరి మోగించదు, శంఖం ఊదదు, నొప్పి అనే దూతనైనా ముందుగా పంపదు. దృష్టిసామ్రాజ్యంలో రాజధాని జోలికి పోకుండా పొలిమేర గ్రామాలను ఒక్కొక్కటే మింగుకుంటూ వస్తుంది. సింహాసనం మీది రాజుగారేమో రాజ్యం సుభిక్షంగా ఉందనుకుంటూ మీసం దువ్వుకుంటూ ఉంటారు.

కంటి డాక్టరమ్మ తన యంత్రాలతో ఈ దండయాత్రను కనిపెట్టి, మాస్టారితో విడమరిచి చెప్పింది.

"చూడండి, ఎడమ కన్ను ఎక్కువ దెబ్బతింది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే రోజూ సాయంత్రం రెండు కళ్లలో ఒక్కో చుక్క వేసుకోవాలి. ఒక్కరోజు కూడా మానకూడదు."

అంతట వీరుడు జేబులోంచి సూదీ దారమూ బయటికి తీసి, ఆమె బల్ల ముందే ఒక్కదెబ్బలో ఎక్కించి, గది అదిరేలా గర్జించినాడు.

"ఇదిగో, చూశారా డాక్టరమ్మా? ఈ కంటికా జబ్బు? నొప్పి లేదు, నీరు కారదు, ఎర్రబడదు. నొప్పి లేని జబ్బుకి మందేంటండీ, చోద్యం కాకపోతే!"

"సూది మీకు ఎదురుగా ఉందండీ. పక్కనున్నవి కనిపిస్తున్నాయా అన్నదే నా బాధ," అన్నది డాక్టరమ్మ.

"నేను వేస్తాలెండి రోజూ," అన్నది వెంట వచ్చిన ఇల్లాలు.

"నువ్వు వెయ్యడమేంటే? నేనేమైనా పసిపిల్లాణ్ణా? నా కన్ను, నా మందు, నేనే వేసుకుంటా."

ఆహా, ఏమి ఆత్మగౌరవం! నాటి నుంచి ప్రతి సాయంత్రమూ మాస్టారు సీసా పుచ్చుకొని, కొట్టులో బట్టలు వేసుకు చూసుకునేందుకు కట్టిన తెర వెనక్కి గంభీరంగా వెళ్లేవాడు. కాసేపటికి చెమ్మగుడ్డతో కళ్లు తుడుచుకుంటూ వచ్చేవాడు. ఆ తెర వెనక జరిగిన ఘోరం నేను చెబుతాను. ఏమీ జరిగేది కాదు. వేళ్ల సందున వేయి సూదులు ఆడించిన ఆ ధీరుడు, మీదికి దిగివచ్చే ఒక్క నీటిచుక్కను తలచుకొని జడిసి, సీసా మూత కూడా తీయకుండా నిలబడి, తిరిగి వచ్చేవాడు.

అయితే కంటి పరీక్షకు వెళ్లే ముందురోజు మాత్రం మహాయుద్ధమే. మంచం మీద వెల్లకిలా పడి సగం సీసా ముఖం మీద ఒంపుకునేవాడు. అందులో ఒకటో రెండో చుక్కలు దారి తప్పి కంటిలో పడేవి. మర్నాడు డాక్టరమ్మ కొలిచి, "ఒత్తిడి బాగానే తగ్గింది, ఇలాగే వేసుకోండి," అనేది. ఈయనగారు ఛాతీ విరుచుకొని ఇంటికి వచ్చేవాడు. పరీక్ష ముందురోజే పుస్తకం తెరిచే ఘనులను మనం చాలామందిని చూశాం. వాళ్లకు పోయేవి మార్కులు.

ఈలోగా పొలిమేర గ్రామాలు పోతూనే ఉన్నాయి. మాస్టారి ఎడమ భుజానికీ గుమ్మానికీ వైరం ముదిరింది. ఎడమవైపు పెట్టిన మంచినీళ్ల గ్లాసు రోజూ నేలకొరిగేది.

"ఇక్కడెవరే గ్లాసు పెట్టింది?"

"ఎప్పుడూ పెట్టేచోటే పెట్టానండీ."

"చెప్పి పెట్టాలి!"

"గ్లాసు పెట్టడానికి దండోరా వెయ్యమంటారా?" అని ఇల్లాలు నేల తుడిచేది.

ఆ ఇల్లాలిది మామూలు చెయ్యి కాదు. కాజాలు కుట్టేది ఆమె, బొత్తాలు పెట్టేది ఆమె. మాస్టారు బట్ట కత్తిరిస్తుంటే జారిపోకుండా బల్లకు ఎడమపక్కన నిలబడి అంచు పట్టుకునేదీ ఆమే. ఒకనాటి మధ్యాహ్నం బల్లమీద తెల్లబట్ట పరిచి ఉంది. చక్రవర్తిగారి కత్తెర కరకరమంటూ శత్రుసైన్యాన్ని చీల్చినట్టు బట్టను చీలుస్తూ ఎడమకు తిరిగింది.

"అబ్బా! ఆపండి!"

"ఏమైందే?"

"వేలు! నా వేలు తెగిందండీ!"

"ఏదీ? ఎక్కడ?"

ఆ మాట విని ఆమె ఏడుపు ఆగిపోయింది. చెయ్యి అక్కడే ఉంది, బల్ల మీదే, తెల్లబట్ట మీద ఎర్రగా కనిపిస్తూ. ఆయన దాని పక్కనే నిలబడి వెతుకుతున్నాడు. ఆమె ఆ చేతిని ఎత్తి, మెల్లగా ఆయన ముఖానికి ఎదురుగా తెచ్చింది.

"ఇప్పుడు కనిపించిందా?"

"కనిపించింది," అన్నాడు. వాగ్దేవీ, నవ్వకు. ఆ క్షణాన ఆయనకు నిజంగా భయం వేసింది, ఆమెకు అంతకంటే ఎక్కువ భయం వేసింది.

గుడ్డపీలిక చుట్టుకుంటూ ఆమె అడిగింది. "ఈ తెగిన వేలి మీద ఒట్టేసి చెప్పండి. మందు రోజూ వేసుకుంటున్నారా?"

"పరీక్ష ముందురోజు వేసుకుంటున్నా."

"మిగతా రోజులు?"

మాస్టారు కత్తెరను తీసి బల్ల అవతలి కొసన పెట్టాడు.

"మరి ఆ తెర వెనకకెళ్లి ఇన్నాళ్లూ ఏం చేశారండీ?"

"నిలబడ్డా."

"నిలబడ్డారా!"

"చుక్క మీదికి వస్తుంటే భయంగా ఉంటుందే," అన్నాడు కర్తరీచాలనచక్రవర్తి, నేల చూపులు చూస్తూ.

"డాక్టరమ్మ దగ్గర మంచి పేరు కోసమా ఆ మందు? కళ్లు ఆవిడవా, మీవా? తెర వెనక దాక్కోవడాలు చాలు. సాయంత్రం నా ముందు కూర్చుని వేసుకోండి!"

ఆ విధంగా, శ్రోతలారా, మనం మొదట చూసిన స్టూలు దగ్గరికి వచ్చాం. సంధ్యాకాల సమరం ఆరంభమైంది. మొదటి బిందుబాణం కనుబొమ మీద పడి నేలపాలైంది. రెండోది మీసారణ్యంలో దిక్కు తోచక తిరిగి తిరిగి అంతర్ధానమైంది. మూడోది తిన్నగా తెరిచిన నోట్లోకి దిగింది.

"ఛీ, చేదుగా ఉందే!"

"నోరు మూసుకుని వేసుకోండి. మందు కంటికా, నోటికా?"

చుక్క బయలుదేరక ముందే రెప్ప అనే కోటతలుపు ధడాలున మూసుకునేది. ఎన్నో సూదికన్నులకు దారి చూపిన చేయి, తన కంటికి దారి చూపలేకపోయింది. మాస్టారు సీసా దించి, "నా వల్ల కాదే," అన్నాడు. ఆ మాటలో మాత్రం వేషం లేదు.

ఆమె స్టూలు పక్కకు వచ్చి నిలబడింది.

"కింది రెప్పని వేలితో కిందికి లాగండి. పైది కాదు, కిందిది. ఊరందరికీ జేబులు కుట్టారు కదా, అదీ ఒక జేబే అనుకోండి. కంటి మీద వెయ్యకండి, ఆ జేబులో వెయ్యండి. చుక్క వంక చూడకండి, ఫ్యాన్ వంక చూడండి."

"జేబు లోతెంత?" అని అడిగాడు, పని సంగతి వచ్చేసరికి ప్రాణం లేచివచ్చి.

"ఒక చుక్కంత."

అంతట ఆ వీరాధివీరుడు వామహస్తతర్జనితో అధోనేత్రచ్ఛదాన్ని లాగి పట్టి, దృష్టిని ఊర్ధ్వలోకపు ఫ్యాను మీద నిలిపి, దక్షిణహస్తంతో సీసాను నొక్కెను. సీసా కొసన ఒక చుక్క ఊరెను, ఉబ్బెను, వేలాడెను, వణికెను. ముల్లోకాలూ ఊపిరి బిగబట్టెను. ఎదురింటి కుక్క సైతం మొరగడం మానెను. చుక్క జారి జేబులో పడెను.

"పడిందే!"

"కన్ను మూసుకోండి. ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టండి. కాసేపు అలాగే ఉండాలి."

కళ్లు తెరవకుండానే మాస్టారు ఎడమచేతిని ఎడమవైపుకు చాచినాడు. అటు వెతగ్గా వెతగ్గా గుడ్డపీలిక చుట్టిన వేలు చేతికి తగిలింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది. దీనికి నొప్పన్నా ఉంది."

ఆయన ఆ వేలిని వదల్లేదు. తర్వాత మెల్లగా అడిగినాడు. "రేపు కూడా వెయ్యాలా?"

"రేపు కూడా."

"ఎల్లుండి?"

"రోజూ వెయ్యాలండీ."

జయము! దిగ్దంతులారా, తొండాలెత్తండి! దర్జీకులశిఖామణి తన జీవితమంతటిలో కుట్టని ఒకే ఒక్క జేబులో ఒకే ఒక్క చుక్కను వేసుకొన్నాడు! పోయిన పొలిమేరలో ఒక్క గ్రామమైనా తిరిగి రాలేదు, రాదు. మిగిలిన రాజ్యం ఈ పూటకు నిలిచింది. విజయభేరి మోగించండి!

"భేరి తర్వాత," అన్నట్టుగా ఆమె ఆయన గడ్డం పట్టి పైకెత్తింది. "ఇంకో కన్ను ఉందండీ."

మహావీరుడు తల వెనక్కి వాల్చినాడు. ఈసారి నోరు మూసుకొన్నాడు.