వీపు మీది జిప్పు

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. రూహీ ఏడు గంటల బస్సుకు చిత్తూరు పోయి డాక్టరు సర్టిఫికెట్టు తేవాలి. మధ్యాహ్నం తిరిగొచ్చి, మంచం మీద పరిచిన రెండు డ్రై సూట్లలో ఒకటి ఎంచుకోవాలి. రెండోది సాయంత్రం కొరియర్‌లో చెన్నై సంస్థకు తిరిగి పంపాలి. అంతవరకూ ఆమె అమ్మమ్మ జైనబ్ బీ చేయవలసిన పని ఒక్కటే, వాటిని ముట్టుకోకుండా ఉండటం.

లడఖ్ మంచుకొండల్లో ఒక సరస్సు అడుగున మొలిచే పాచిని పరీక్షించే పని రూహీకి వచ్చింది. నెలన్నర పని. ఆ నీళ్ళలో మామూలు బట్టలతో దిగితే నిమిషాల్లో ఒళ్ళు కొయ్యబారుతుందట. అందుకే చుక్క నీరు కూడా లోపలికి రానివ్వని ఈ సూట్లు. ఒకటి నల్లగా, రబ్బరు పరుపులా మందంగా ఉంది. రెండోది నారింజ రంగుది, గొడుగు గుడ్డలా పల్చన. దాని కింద ఉన్ని బనీను, ఆపైన బొంతలాంటి మెత్తటి అంగీ వేసుకోవాలి.

జైనబ్ బీ నలభై ఏళ్ళుగా బంగారుపాళ్యంలో జాకెట్లు కుట్టిన మనిషి. మనవరాలి కోసం మంచి నూలుగుడ్డతో రెండు లోపలి చొక్కాలు కుట్టి పెట్టింది.

"నూలు పనికిరాదు నానీ. చెమట తాగి తడిసిపోతాది. తడిస్తే చల్లబడిపోతాది. ఉన్ని అయితే తడిసినా రవంత వెచ్చగానే ఉంటాది" అని రూహీ వాటిని నెమ్మదిగా పక్కన పెట్టింది. జైనబ్ బీ నొచ్చుకోలేదు, భయపడింది. చొక్కా గుడ్డ మారితే ప్రాణం మీదికొచ్చే చోటికి పిల్ల పోతోంది.

భయం ఆమెకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ళ కిందట భర్త ఆఫ్తాబ్ మామిడికాయల లోడుతో నాగపూరు బయలుదేరాడు. క్లీనరుకు జ్వరమొచ్చి రాలేదు. "ఒక్కడ్నే పోయొస్తాలే" అన్నాడు. లోయలోకి దొర్లిన లారీ తెల్లారేదాకా ఎవరి కంటా పడలేదు, అప్పటికి అతను బతికి లేడు. పక్కన ఒక్క మనిషి ఉండి ఉంటే అని ఆమె అప్పటి నుంచీ అనుకుంటూనే ఉంది.

"నువ్వు సరే అంటేనే పోతా నానీ. వద్దంటే ఈ పొద్దే రెండు సూట్లూ ఎనక్కి పంపించేస్తా" అని చెప్పి రూహీ బస్సెక్కింది.

పది గంటలకు జైనబ్ బీ ఒక నిర్ణయానికి వచ్చింది. తొడిగి చూడందే బట్ట సంగతి తెలియదు. తనదీ పిల్లదీ ఒకే కొలత. తొడుక్కుంటుంది. మెడ దగ్గర బిగించి ఊపిరాడకపోతే "వద్దు" అంటుంది. బిగించాలని అల్లాను వేడుకుంది కూడా.

ఉన్ని బనీను, మెత్తటి అంగీ, వాటిపైన నారింజ సూటు. బూట్లు దానికే అతికి ఉన్నాయి. మెడ రబ్బరులోంచి తల దూర్చేసరికి ఒక్క క్షణం లోకమంతా చీకటైంది. జిప్పు మాత్రం వీపు మీద, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఉంది. చెయ్యి అందలేదు. అప్పుడే పక్కింటి కుప్పమ్మ జాకెట్టు కోసం వచ్చింది.

"ఓయమ్మో! ఎవురది?"

"నేనే మే, అరవద్దు. ఎనకాల జిప్పు లాగు."

"జైనబక్కా! ఏందక్కా ఈ యేసం? గ్యాసు బండ మాదిరి ఉండావు."

"లాగమంటే లాగు."

కుప్పమ్మ బావిలో బిందె చేదినట్టు లాగింది. జైనబ్ బీ ఊపిరి పీల్చి చూసింది. ఆడింది. నిరాశగా ఇంకోసారి పీల్చింది. మళ్ళీ ఆడింది.

"సరే, తీసెయ్."

జిప్పు రాలేదు. లోపలి అంగీ అంచు దాని పళ్ళలో ఇరుక్కుపోయింది. కుప్పమ్మ కొబ్బరినూనె పూసి లాగింది. గోడకు కాలు తన్నిపెట్టి లాగింది. అంతలో కరెంటు పోయింది. మే నెల, పదకొండు గంటల ఎండ. చుక్క నీటిని లోపలికి రానివ్వని సూటు చుక్క చెమటను బయటికి పోనివ్వదని జైనబ్ బీకి అప్పుడు తెలిసింది.

"కత్తెర యాడుండాది అక్కా?"

"ఒకరి గుడ్డకి నేను కత్తెర పెట్టేదా? నా సెయ్యి పడిపోనీ!"

"అట్లయితే ఉడికిపోతావు. సల్లంగుండే సోటికి పోదాం పా."

ఊళ్ళో అలాంటి చోటు ఒక్కటే ఉంది, హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోని కోల్డ్ రూము. దాని మెకానిక్కు జైనబ్ బీ తమ్ముడు వలి బాషా. కుప్పమ్మ రూహీకి ఫోన్ చేసి విషయం చెప్పింది. కుప్పమ్మ కొడుకు మునికుమార్ తన లోడు ఆటోలో, తోతాపురి మామిడికాయల మీద జైనబ్ బీని కూర్చోబెట్టాడు. కూర్చోగానే సూటులోని గాలంతా పైకి తన్ని, ఆమె రెండు చేతులూ పక్కలకు లేచి నిలబడ్డాయి.

"ఆ సూటులో ఉండేది ఎవురప్పా?" అన్నాడు టీ అంగడి దగ్గర ఒకడు.

"ఫ్యాక్టరీలో అమ్మోనియా కారినట్టుండాది. ముందర ఒకర్ని పంపిస్తాండారు" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు.

కోల్డ్ రూము యంత్రాలు నడిచేది ఆ గ్యాసుతోనే. దాని పేరు వింటే అక్కడ పనిచేసేవాళ్ళకు హడలు. ఆటో గేటు దగ్గరికి చేరేసరికి సైరను మోగుతోంది. వందమంది ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకొని బయటికి పరుగెత్తుకొస్తున్నారు.

"గ్యాసు! గ్యాసు!"

జైనబ్ బీ పరుగెత్తేవాళ్ళలో తమ్ముడి కోసం వెతికింది.

"వలీ యాడ?" అని అరిచింది.

"మిషను రూములో ఉండాడు. ఒక్కడే ఉండాడు!"

ఒక్కడే. ఆ మాట చెవిన పడగానే ఆమె ఆటో మీంచి దూకింది. వాచ్‌మన్ పక్కకు తప్పుకొని సలాం కొట్టాడు.

"అట్లాంటి సూటుంటే నేనూ పోతా లోపలికి" అన్నాడొకడు, గోడ అవతలి నుంచి.

మిషను రూములో వలి బాషా పైపుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తున్నాడు. తలెత్తి, ఎదురుగా చేతులు చాచి వస్తున్న నారింజ ఆకారాన్ని చూసి రెంచి వదిలేశాడు.

"ఆపా?"

"పారిపో వలీ! గ్యాసు కారిందంట!"

"యాడా కార్లేదాపా. నిన్ను రోడ్డు మీద సూసి ఎవురో ఫోన్ చేసినట్టుండారు, అందుకే సైరను ఏసినారు."

జైనబ్ బీ వెనక్కి తిరిగి, ఇరుక్కున్న జిప్పు చూపించింది.

అతను ఆమెకు నీళ్ళు తాగించి, ముఖానికి శాలువా చుట్టి, చేతి తొడుగులు వేసి కోల్డ్ రూములోకి పంపాడు. ఆ ఫ్యాక్టరీలో ఒక కట్టడి ఉంది. లోపలికి పోయే మనిషి నడుముకు తాడు కడతారు. రెండో కొస పట్టుకొని తలుపు బయట ఒకరు నిలబడతారు.

"నేను లాగితే నువ్వూ లాగాల. లాగలేదంటే లోపలికొచ్చేస్తా" అన్నాడు వలి బాషా.

తెల్లటి ఆవిరిలో, గుజ్జు పీపాల మధ్య ఆమె కూర్చుంది. గోడ నిండా మంచు. తనను ఇక్కడే మరిచిపోతారేమో అనిపించింది. ఆఫ్తాబ్‌కు కూడా ఆ రాత్రి ఇలాగే అనిపించి ఉంటుంది. సరిగ్గా అప్పుడు నడుము దగ్గర తాడు కదిలింది. ఆమె తిరిగి లాగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. పావుగంట గడిచాక గమనించింది, ముక్కు తప్ప ఒంట్లో ఎక్కడా చలి లేదు.

రూహీ రొప్పుతూ వచ్చేసరికి జైనబ్ బీ బయట బెంచీ మీద ఉంది. పిల్ల కోప్పడలేదు. సూట్లతో పాటు వచ్చిన మైనం కడ్డీని ఇంటి నుంచి తెచ్చింది. దాన్ని జిప్పు పళ్ళకు రుద్ది, వేలెడు వెనక్కి జరిపి, ఇరుక్కున్న అంచును మెల్లగా విడిపించింది.

"జిప్పు ఎవురు ఏసినారు?"

"కుప్పమ్మ. వీపు మీదుంటే నేనెట్ల ఏసుకునేది?"

"నేనూ ఏసుకోలేను నానీ. దీన్ని ఎవురూ ఒక్కరే ఏసుకోలేరు. ఇంగొకరు జిప్పు ఏస్తేనే దిగేది. దిగినాక పైన ఒకరు తాడు పట్టుకొని కూసుంటారు. లాగి అడగతానే ఉంటారు."

జైనబ్ బీ నడుముకు ఇంకా కట్టి ఉన్న తాడును వేళ్ళతో తడిమింది.

"ఆ నల్లదానికి జిప్పు యాడుండాది?"

"ముందరే. అది ఎవురికి వాళ్ళే ఏసుకోవచ్చు."

"దాన్ని ఎనక్కి పంపించెయ్" అంది జైనబ్ బీ. "పైన తాడు పట్టుకునేది ఎవురు?"

"హరినాథ్ సారని ఉండారు."

"ఆయప్ప నంబరు ఇయ్యి."

నెల తర్వాత, లడఖ్‌లో సిగ్నల్ దొరికిన ప్రతి ఉదయం హరినాథ్‌కు బంగారుపాళ్యం నుంచి ఒకటే ఫోన్ వస్తోంది: "తాడు సేతిలోనే ఉండాదా నాయనా?"