ముగ్గురికి ఒక టేబుల్

విదేశానికి వెళ్ళినవాడు హోటల్లో నాలుగు ముద్దలు తినాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో టేబుల్ బుక్ చేసుకోవాలి. ఈ పద్ధతిని తిట్టేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. నిప్పు, చక్రం తరవాత మానవజాతికి దొరికిన మూడో వరం ఇదే!

ఆలోచించండి. ఆకలేసింది కదా అని తినేయడంలో గొప్పతనం ఏముంది? ఆ పని పిల్లి కూడా చేస్తుంది. వచ్చే నెల పదిహేడో తారీఖు సాయంత్రం ఆరుంబావుకి నాకు ఆకలేస్తుంది అని ఈ రోజే రాసివ్వగలిగినవాడు మనిషి ఒక్కడే. జాతకాలు చెప్పేవాళ్ళు కూడా ఇంత కచ్చితంగా మాట ఇవ్వరు.

నమ్మకం లేనివాళ్ళు టోకెన్ బాబాయి కథ వినాలి.

బాబాయి ముప్ఫై రెండేళ్ళపాటు ఒక ఆసుపత్రిలో, పేషెంట్లకు టోకెన్లిచ్చే కౌంటర్లో పనిచేశాడు. దగ్గుతూ వచ్చినా, కుంటుతూ వచ్చినా, ఇద్దరు మోసుకొచ్చినా ముందు టోకెన్ తీసుకోవాల్సిందే. ఒకసారి పెద్ద డాక్టరుగారి సొంత మామగారు వస్తే నలభై మూడో నంబరు చేతిలో పెట్టి బెంచీ చూపించాడు. ఆ రోజు నుంచి ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆయన అందరికీ బాబాయి కాబట్టి, ఆయన భార్య అందరికీ పిన్ని.

రిటైరయ్యాక ఇద్దరూ పదకొండు రోజుల విదేశీ యాత్ర పెట్టుకున్నారు. విమానం టికెట్లు చేతికొచ్చిన మర్నాడే బాబాయి కంప్యూటర్ ముందు కూర్చుని పదకొండు సాయంత్రాలకీ పదకొండు టేబుళ్ళు బుక్ చేసేశాడు. ప్రతి హోటలూ ఒక ఫారం ఇచ్చింది. కిటికీ పక్కన కావాలా, గోడ పక్కన కావాలా? ఎత్తు కుర్చీయా, మామూలు కుర్చీయా? ఇంత శ్రద్ధగా ఆయన్ను పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ప్రశ్నలు అడగలేదు. మీలో ఎవరికైనా ఏదైనా పడదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు పైకే చదివాడు.

పిన్ని బట్టలు మడతపెడుతూ తలెత్తకుండానే, "మా అక్క పడదు. రాయండి," అంది.

ఆ మాట సరదాకి అన్నది కాదు. నాలుగేళ్ళ కిందట పిన్ని వాళ్ళక్క, అంటే మనకు పెద్దమ్మ, కూతురి పెళ్ళి చేసింది. ఆ పెళ్ళికి పిన్నికి పిలుపు పేరు లేని ఏదో నంబరు నుంచి ఫోన్లో వచ్చింది. కార్డు బొమ్మ ఒకటి, దాని నెత్తిన ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అన్న ముక్క ఒకటి. ఒక తల్లి కడుపున పుట్టిన చెల్లెల్ని పిలిచే తీరు ఇదేనా? పిన్ని వెళ్ళలేదు. వెళ్ళలేదని పెద్దమ్మకు కోపం. పిలవలేదని పిన్నికి కోపం. నాలుగేళ్ళుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. పిన్ని అప్పుడప్పుడు నిద్దట్లో అక్కతో పోట్లాడేది. అది ప్రేమే అని బాబాయికి తెలుసు. చెబితే తనతో పోట్లాడుతుందనీ తెలుసు.

ఇదే సమయంలో తోడల్లుడు బాబాయికి రహస్యంగా ఫోన్ చేశాడు. పెద్దమ్మ కూడా ఒక టూరు బస్సులో అదే దేశానికి బయల్దేరుతోందట. తను మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడట. లెక్క చూస్తే, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏడో రోజు సాయంత్రం ఒకే ఊళ్ళో ఉంటారు. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పెద్దమ్మకు ఖాళీ. ఎనిమిదికి బస్సు కదులుతుంది. ఆమెను ఒప్పించి పంపే పూచీ తనదన్నాడు తోడల్లుడు.

బాబాయి రక్తం ఉరకలేసింది. ఏడో రోజు బుకింగ్ తీసి, ఇద్దరి స్థానంలో ముగ్గురు, టైము ఆరున్నర అని మార్చాడు. టేబుల్ ముందు ఎదురెదురుగా కూర్చోబెడితే ఎంతసేపని మూగగా ఉంటారు? కనీసం ఉప్పు అందించమనైనా అనాలి కదా! ఏ సందర్భం అని ఫారం అడిగింది. పుట్టినరోజు, పెళ్ళిరోజు, వ్యాపారం అని మూడే ఉన్నాయి. రాజీ అని లేదు. బాబాయి వ్యాపారం మీద నొక్కాడు.

యాత్ర మొదలైంది. మొదటి ఆరు రోజులు బుకింగ్ వల్ల కలిగిన మేళ్ళు అన్నీ ఇన్నీ కావు. ఆరోగ్యం బాగుపడింది. సాయంత్రం ఐదూ ఇరవైకి టేబుల్ అంటే మధ్యాహ్నం తినకూడదు, ఎనిమిదీ నలభైకి టేబుల్ అంటే మధ్యాహ్నం తిన్నది నిలవాలి. వ్యాయామం దొరికింది. మూడో రోజు మ్యూజియంలో సగం బొమ్మలు చూడకుండానే ఇద్దరూ వీధుల వెంట పరుగెత్తారు. మర్యాద కూడా దక్కింది. మీరు వస్తున్నారు కదూ, వస్తున్నట్టేనా, నిజంగా వస్తున్నారా అని పూటకు మూడు మెసేజ్‌లు. మన పెళ్ళప్పుడు కూడా మీవాళ్ళు నన్ను ఇన్నిసార్లు అడగలేదని పిన్ని దెప్పింది.

ఆరో రోజు బాబాయి గుండె చిక్కబట్టుకుని అసలు సంగతి చెప్పాడు. పిన్ని చేతిలోని దువ్వెన పక్కన పెట్టింది. "రానివ్వండి. నేను మాత్రం ముందు నోరు విప్పను," అంది. కానీ మర్నాడు పెట్టె అడుగు నుంచి ఇస్త్రీ చీర తీసింది. కళ్ళజోడు హోటల్ గదిలోనే వదిలేసింది.

సరిగ్గా ఆరున్నరకి ఇద్దరూ రెస్టారెంట్ మెట్లెక్కారు. గుమ్మంలో ఒక అమ్మాయి చేతిలో ట్యాబ్ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక హాలంతా కనిపిస్తోంది. పద్నాలుగు టేబుళ్ళు. రెండింటి దగ్గర మనుషులున్నారు. పన్నెండింటి మీద తెల్లటి బట్టలు, మడతపెట్టిన రుమాళ్ళు, వెలుగుతున్న చిన్న దీపాలు. అమ్మాయి నవ్వుతూ, ముగ్గురూ వస్తేనే కూర్చోబెడతామంది. పదిహేను నిమిషాలు ఆగుతామంది. ఆ తరవాత సిస్టమ్ ఊరుకోదంది.

బాబాయి తనకొచ్చిన ఇంగ్లీషులో బతిమాలుకున్నాడు. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుందని పెద్దమ్మ పక్కవాళ్ళచేత పంపించిన మెసేజ్ చూపించాడు. అమ్మాయి సానుభూతిగా తలూపింది, కానీ ఆయన ముఖం చూడకుండా ట్యాబ్‌నే చూసింది. ముఖం చూస్తే నియమం సడలుతుంది. ఆ కిటుకు తెలిసినవాడు కాబట్టి బాబాయి అంత కష్టంలోనూ ఆ పనితనాన్ని మెచ్చుకున్నాడు.

ఆరూ నలభై అయిదుకి బాబాయి ఫోన్ మోగింది. మీ టేబుల్ రద్దయింది, మీరు లేని లోటు మాకు తెలుస్తోంది! లోటు తెలిసినవాళ్ళు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నారు.

ఆరూ నలభై ఏడుకి పెద్దమ్మ వచ్చింది. వీధి మలుపు నుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆ వయసులో పరుగెత్తుతూ వచ్చింది. వచ్చి ఆయాసపడుతూ నిలబడింది. చెల్లెలు ఎడమవైపు చూసింది. అక్క కుడివైపు చూసింది. బాబాయి మధ్యలో నిలబడి ఇద్దరికీ రద్దు సంగతి చెప్పాడు.

మళ్ళీ బుక్ చేస్తే సరిపోదూ అంటారా? బాబాయి అదే చేశాడు. టేబుల్ తీసుకుని రానివాళ్ళ జాబితాలో మీ పేరు చేరింది, ముప్ఫై రోజుల దాకా మీకు సేవ చెయ్యలేం అంది యాప్. ఇక కొత్త పేరుతో కొత్త ఖాతా తెరవాలి. పిన్ని ఫోన్లో నెట్ ఉంది కానీ, ఆ దేశంలో దానికి మెసేజ్‌లు రావు. పెద్దమ్మ దగ్గరున్నది బటన్ల ఫోను. టూరు వాళ్ళిచ్చిన సిమ్ వేసుకుంది. దానికి కాల్స్, మెసేజ్‌లు తప్ప ఇంకేమీ రావు. అంచేత ఫారం చెల్లెలి ఫోన్లో, పేరు అక్కది, ఓటీపీ అక్క ఫోన్‌కి. మీరు మరమనిషి కారని రుజువు చేసుకోండి, మెట్లున్న బొమ్మలన్నీ నొక్కండి అంది యాప్. మెట్ల మీదే నిలబడి నొక్కారు.

ఓటీపీ వచ్చింది.

"నాలుగు. సున్నా. ఏడు," అంది పెద్దమ్మ, ఎదురుగా ఉన్న దీపస్తంభంతో చెబుతున్నట్టు. నాలుగేళ్ళ తరవాత ఆ అక్క నోటి నుంచి ఆ చెల్లెలికి వచ్చిన మొదటి మాటలు అవే. "రెండు. రెండు. ఆరు."

పిన్ని నొక్కింది. తప్పు అంది ఫోన్.

"ఏడు అన్నాను. తొమ్మిది నొక్కావు."

"కళ్ళజోడు లేదు నాకు."

"ఏం, ఎందుకు తెచ్చుకోలేదు?"

పిన్ని చీర కొంగు సర్దుకుంది.

"తెలుసులే. ముఖానికి బాగుండదని. సైకిల్ తీసుకెళ్ళి గోడకి గుద్దినప్పుడూ ఇదే సోకు."

"ఆ సైకిల్ని వెనక నుంచి తోసింది ఎవరో చెప్పు మరి."

చూశారా ఆరు అంకెల మహిమ! ఇంతలో ఓటీపీకి గడువు తీరిపోయింది. రెండోది తెప్పించారు. ఈసారి పిన్ని, చదివింది చాల్లే ఇలా ఇవ్వమని ఆ బటన్ల ఫోన్ లాక్కుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తిప్పి చూసింది.

"ఇదేంటక్కా, ఇంకా ఈ డబ్బాయేనా?"

"పదేళ్ళ నుంచీ అదే. చెడిపోతే కదా మార్చడానికి."

"మరి నాకు పెళ్ళికార్డు బొమ్మ ఎవరు పంపారు?"

"ఏం బొమ్మ?"

పిన్ని చెప్పింది. పెద్దమ్మ భుజాన ఉన్న సంచి మెట్టు మీద పెట్టేసింది.

"మావాణ్ణి స్వయంగా మీ ఇంటికి వెళ్ళి పిలిచి రమ్మన్నానే. నీకు చీర కూడా ఇచ్చి పంపాను."

"ఎవరూ రాలేదక్కా."

"లిస్టులో నీ పేరు పక్కన టిక్కు ఉంది. నేను చూశాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ కొడుకు రెండు వందల ఇళ్ళు తిరగాల్సిన పనిని సోఫాలో పడుకుని రెండు వేళ్ళతో ముగించాడని, ప్రతి పేరు పక్కనా శ్రద్ధగా టిక్కు పెట్టాడని తేలడానికి నాలుగేళ్ళు పట్టింది. పిన్ని, "ఏమే, అయితే నా చీర ఎవరు కట్టుకుంటున్నారు?" అంది. అక్కను "ఏమే" అని పిలిచే చనువు తిరిగొచ్చిందని గమనించింది బాబాయి ఒక్కడే. పెద్దమ్మకు ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. పిన్నికి రెండూ ఒకేసారి వచ్చాయి.

ఈలోగా బాబాయి పిన్ని చేతిలోంచి రెండు ఫోన్లూ తీసుకుని ఖాతా తెరిచేశాడు. ముగ్గురికి టేబుల్, ఎనిమిదింబావుకి దొరికింది. దొరికిన నంబరు వదలకూడదన్న పాత అలవాటు కొద్దీ నొక్కేశాడు. పెద్దమ్మ బస్సు ఎనిమిదికే అని నొక్కాక గుర్తొచ్చింది.

అక్కాచెల్లెళ్ళు ఆ మెట్ల మీదే చతికిలబడ్డారు. టూరు వాళ్ళిచ్చిన బన్ను ఒకటి పెద్దమ్మ సంచిలోంచి బయటకు వచ్చింది. వెంటనే ట్యాబ్ అమ్మాయి కూడా బయటకు వచ్చింది. బయటి తిండి ఇక్కడ తినకూడదని చాలా మర్యాదగా చెప్పింది. ముగ్గురూ లేచి పక్కనున్న చెప్పుల షాపు మెట్టు మీదికి మారారు. షాపు మూసేసి ఉంది. బన్నును మూడు ముక్కలు చేశారు. పెద్దముక్క ఎవరిదన్న దాని మీద ఇద్దరూ ఇంకోసారి పోట్లాడుకున్నారు.

నిజం చెప్పండి. ఆరున్నరకే టేబుల్ ఇచ్చి ఉంటే ఏమయ్యేది? మెనూకార్డుల చాటున ముఖాలు దాచుకుని, చెమ్చాల చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా తిని లేచేవారు. గుమ్మంలోంచి వెళ్ళగొట్టి ఒక కుటుంబాన్ని నిలబెట్టిన ఘనత ఏ ఆతిథ్యానికి ఉంది? ఆన్‌లైన్ బుకింగ్‌కే ఉంది!

ఎనిమిదికి బస్సు వచ్చింది. కిటికీలోంచి పెద్దమ్మ కనిపించినంత సేపూ పిన్ని చెయ్యి ఊపుతూనే ఉంది. ఇంకో గంట ఉంటే బాగుండేది అంది. గంట ఉంది, కూర్చునే చోటే లేకపోయింది అనుకున్నాడు బాబాయి.

మూడో వంతు బన్నుతో ఎవరి కడుపూ నిండదు. బుకింగ్ ఎలాగూ ఉంది కదా అని ఎనిమిదింబావుకి ఇద్దరూ మళ్ళీ ఆ మెట్లెక్కారు. ఇప్పుడు అయిదు టేబుళ్ళు నిండాయి. తొమ్మిది ఖాళీ. అమ్మాయి ట్యాబ్ చూసి, మూడో వారెక్కడ అని అడిగింది. వెళ్ళిపోయిందన్నాడు బాబాయి. ముగ్గురూ ఉంటేనే అంది అమ్మాయి. ఏమంటోందని పిన్ని అడిగితే బాబాయి తెలుగులో చెప్పాడు.

పిన్ని ఆ అమ్మాయి కళ్ళలోకి చూసి తెలుగులోనే మెల్లగా చెప్పింది. "మూడో మనిషి వచ్చి వెళ్ళిపోయిందమ్మా. నీ వెనకాల కుర్చీలున్నాయి. కూర్చోమనేవాళ్ళే లేరు."

అమ్మాయికి అర్థం కాలేదు. జవాబు ట్యాబ్‌లో ఉందేమోనని వెతికింది. లేదు. ఉన్న రెండు బటన్లలో ఒకటి నొక్కింది.

ఇద్దరూ ఖాళీ కడుపుతో వీధి చివరికి వచ్చేసరికి బాబాయి ఫోన్ మోగింది. పెద్దమ్మ, బస్సులోంచి. "మరిదిగారూ, నా ఫోన్‌కి ఏదో మెసేజ్ వచ్చింది. పక్కసీటు ఆయన చదివి చెప్పాడు. నేను రాలేదని రాశారట కదా. ఎవరు రాశారు?"

పిలవని చెల్లెల్ని పిలిచినట్టు ఒక లిస్టు రాసుకుంది. పరుగెత్తుకొచ్చిన అక్కను రానట్టు ఇంకో లిస్టు రాసుకుంది. రెండింట్లోనూ ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అక్షరదోషం లేదు. వాటిని నిలదీద్దామంటే మనిషి లేడు. ఇంతటి వరాన్ని ఇంకా తిట్టేవాళ్ళున్నారంటే ఆశ్చర్యం కాదూ?

బాబాయి ఫోన్ పిన్ని చేతికిచ్చాడు.

"వచ్చావక్కా," అంది పిన్ని. "నేను చూశాను."